నిమ్మకాయలు తిన్న ట్యాంకు

నా భార్య అనసూయమ్మ చెత్త పొగకు చచ్చిపోయింది. ఆ చెత్తకు రోజూ నిప్పు పెట్టింది మా పక్క దుకాణం వేణుమాధవ్. ఇందులో వాదనకేమీ లేదు.

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో నాది ఉల్లిగడ్డల దుకాణం, వాడిది క్యాబేజీ. ఈ ఏడు మునిసిపాలిటీ వాళ్లు మార్కెట్ వెనుక పెద్ద ట్యాంకు దించారు. కుళ్లిన కూరగాయలు అందులో వేస్తే గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్‌తో పక్క క్యాంటీన్‌లో వంట. ఇక చెత్త కాల్చే పని లేదు. చెత్త కుప్పలో మురిగితే పుట్టే, గాలిని వేడెక్కించే పాడు గ్యాసు కూడా పైకి పోదు.

"దసరాలోపు పొయ్యి వెలగకపోతే ట్యాంకు వేరే వార్డుకు పోతది" అని ఇంజనీరు కల్పలత ముందే చెప్పింది.

పోతే మళ్లీ నిప్పే. అందుకని బేరాలు వదిలి ట్యాంకు చుట్టే తిరిగాను.

మొదటిసారి పొయ్యి వెలగలేదు. వచ్చిన గ్యాసే అగ్గిపుల్లను ఆర్పేసింది. కల్పలత ట్యాంకు నీళ్లలో పులుపు తెలిపే రంగు కాగితం ముంచి చూసింది.

"పులిసిపోయింది. మండే గ్యాస్ పుడ్తలేదు. ఎవరేం ఏసిన్రు ఇందులో?"

వేణుమాధవ్ నసిగాడు. "దిష్టి తగలొద్దని మేడం... దుకాణాలకు కట్టిన నిమ్మకాయలు..."

"ఎన్ని?"

"మార్కెట్ మొత్తంవి. కుళ్లినయి సుత కలిపి, బస్తాలల్ల."

"నీ దిష్టి పాడుగాను! ట్యాంకుకు పులితేన్పులు తెప్పిచ్చినవ్ గదరా!" అంది పూలమ్మే విజయమ్మ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"కూరగాయలు బంద్" అంది కల్పలత. "పులుపు ఇరగాలంటే సున్నం, గ్యాస్ పుట్టాలంటే పచ్చి పేడ కావాలె. జల్ది!"

వేణుమాధవ్ ట్రాలీ ఆటో ఎక్కి మల్కాజ్‌గిరి బర్రెల కొట్టాలకు ఉరికాడు. రోజుల తరబడి పేడ డ్రమ్ములు వస్తూనే ఉన్నాయి. మార్కెట్ అంతా దించి ట్యాంకులో పోసింది. వాడి పక్కనే నిలబడి నేనూ దించాను. మోచేతుల దాకా పేడ. అలసటే తెలియలేదు.

దసరా ముందురోజు పొద్దున క్యాంటీన్ ముందు కాలు పెట్టే జాగా లేదు. విజయమ్మ పుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకో పుల్ల గీసింది.

భగ్గుమంది! నీలం మంట. పొగ లేదు, నుసి లేదు. ఈలలు, చప్పట్లు. కల్పలత చిన్నపిల్లలా గంతులేసింది. నేనూ గొంతు చించుకుని అరిచాను.

వేణుమాధవ్ నా చేయి పట్టుకున్నాడు. "అన్నా, ఎలిగిందే! గిప్పుడన్న జెర మాఫ్ చెయ్యరాదు. వదిన సంగతి..."

చేయి విడిపించుకున్నాను.

"పొయ్యి ఎలిగింది. ఆమె లేసి రాలే."

వాడికి నా జవాబు అంతే. ఇకముందు ఎవరడిగినా ఈ మాఫీ మాట ఎత్తను.