కొట్టేసిన వాక్యం

పాజ్ నొక్కితే వీడియో షాపు జాఫర్ కిరాయికిచ్చిన వీసీఆర్ అయిదు నిమిషాలే ఆగుతుంది. ఆ తర్వాత దానంతటదే నడవడం మొదలుపెడుతుంది. ఆ అయిదు నిమిషాల్లో అన్నం వార్చాలి, అత్తమ్మను బాత్రూం దాకా నడిపించి తీసుకురావాలి, మళ్లీ వచ్చి నోటుబుక్కు పట్టుకోవాలి. "రష్యా బొమ్మలు సూసుకుంట కూసుంటే కూడు ఎవలు వండుతరు?" అని అత్తమ్మ మంచం మీది నుంచి అడుగుతూనే ఉంది. వండుతున్నది నేనేనన్న సంగతి ఆమెకు ఎన్నడూ కనిపించలేదు.

మా ఆయన సైదులు కాలేజీలో లెక్చరర్, పార్టీ మనిషి, భువనగిరి ఫిల్మ్ సొసైటీకి కార్యదర్శి. సోవియట్ దేశం కూలిపోయి అప్పటికి అయిదేళ్లు. అక్కడి సినిమావాళ్లు తమ దేశం దాచిపెట్టిన పాపాలన్నీ ఒక్కొక్కటే తవ్వి తీస్తున్నారట. హైదరాబాదు నుంచి ఈసారి వచ్చిన క్యాసెట్టు అలాంటిదే. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా లేవు. ఆదివారం సాయంత్రం యూనియన్ హాలులో టీవీ పక్కన కూర్చుని, మైకులో ప్రతి మాటా తెలుగులో చెప్పే పని నాది. పెళ్లికి ముందు రెండేళ్లు రష్యన్ చదివాను మరి. "మా ఇంటామెకు రష్యన్ వస్తది" అని ఆయన పదిమందిలో గొప్పగా చెప్పుకుంటాడు. నేను తర్జుమా చేసిన పుస్తకాల మీద పేరు మాత్రం ఆయనదే. "ఇంట్ల ఎవరి పేరైతే ఏంది అండాలూ" అనేవాడు. అదే నిజమైతే నా పేరే వెయ్యొచ్చు కదా అని నాకు ఆలస్యంగా తట్టింది.

సినిమా కథ చిన్నదే. ఒకామె పదిహేడేళ్లు నిర్బంధ శిబిరంలో ఉండి ఇంటికి వస్తుంది. ఆమె దేశద్రోహి అని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది ఆమె భర్తే, తన ఉద్యోగం నిలుపుకోవడానికి. ఆమె ఏడవదు, తిట్టదు. "బిడ్డకు నా గురించి ఏం చెప్పావు?" అని అడుగుతుంది. "చచ్చిపోయావని చెప్పాను" అంటాడతను.

శనివారం మా ఆయన నోటుబుక్కు తిరగేసి ఆ వాక్యాన్నీ, సంతకం సంగతినీ ఎర్రసిరాతో కొట్టేశాడు. పైన "యుద్ధంలో విడిపోయారు" అని రాశాడు.

"పెద్దమనుషులొస్తరు. బతుకంత ఆ దేశాన్ని నమ్మినోళ్లు. వాళ్ల మనసు ఇరగ్గొట్టుడు మంచిదా?"

"సినిమాల గట్లనే ఉన్నది గద."

"నువ్వు చెప్పిందే వాళ్లకు సినిమా. రష్యన్ ఎవలకొస్తది?"

నిజమే. ఇన్నేళ్లుగా ఆయన చెప్పినట్టే ఎన్ని మాటలను మెత్తబరిచానో నాకే గుర్తులేదు. కానీ ఈ వాక్యం దగ్గర చెయ్యి ఆడలేదు, ఎందుకంటే అలాంటి సంతకం నేను చూశాను. 1986లో మాస్కోలోని ఒక ప్రచురణ సంస్థకు నమూనా తర్జుమా పంపాను. జవాబు రాలేదు, నా రష్యన్ చాలలేదేమోనని సిగ్గుపడి ఊరుకున్నాను. నాలుగేళ్ల తర్వాత రేషన్ కార్డు కోసం బీరువా వెతుకుతుంటే ఆయన ఫైలులో ఆ జవాబు దొరికింది. ఉద్యోగానికి రమ్మని రాశారు. దానికి గుచ్చి ఒక కార్బన్ నకలు, "ఆరోగ్యం సరిగా లేనందున రాలేను" అని. కింద నా సంతకం, ఆయన చేతిరాతలో. ఫైలును ఉన్నచోటే పెట్టి, కార్డు తీసుకుని వెళ్లి కిరసనాయిలు వరసలో నిలబడ్డాను. అడిగితే నీ మంచికే అంటాడని తెలుసు. ఆ మాట వినే ఓపిక లేక అడగలేదు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఎవరికీ చెప్పుకోకుండా ఆరేళ్లు ఒంటరిగా గడిపాను.

ఆదివారం హాలు నిండింది. ఆ ఘట్టం రాగానే మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను నోటుబుక్కు మూసి తెర వైపే చూస్తూ చెప్పాను. "నువ్వు ద్రోహివన్న కాగితం మీద సంతకం పెట్టింది నేనే. బిడ్డకు చచ్చిపోయావని చెప్పాను."

సినిమా అయిపోయాక ఆయన లేచి నవ్వుతూ, "మా ఇంటామె రష్యన్ జర మరిచిపోయింది. గా మాట గట్ల లేదు" అన్నాడు. ముందు వరసలో కృష్ణయ్య తాత ఉన్నాడు, సాయుధ పోరాటంలో జైలుకు పోయొచ్చిన మనిషి.

"ఆ మొగోని మొఖం చూడలేదా సైదులూ," అన్నాడు తాత. "ఆమె తప్పు చెప్పలే."

ఇంటికి నడుస్తుంటే మా ఆయన రెండడుగులు ముందున్నాడు. "మనసుల ఏదో పెట్టుకోనే గట్ల చెప్పినవ్" అన్నాడు, వెనక్కి చూడకుండా.

"పెట్టుకున్న. నా పేరు మీద నువ్వు మాస్కోకు రాసిన జవాబు నేను చదివిన."

ఆగిపోయాడు. తాను రాయలేదంటాడేమోనని చూశాను. తప్పయిందంటాడేమోనని కూడా చూశాను.

"ఎప్పుడు చదివినవ్?" అని అడిగాడు.

"ఆరేండ్లయింది."

"మరి గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"చెప్తే, గా మాట గూడ నువ్వే దిద్దుతవని," అని ఆయన్ను దాటి నడిచాను.