అమ్మమ్మ తిట్లు, ఐదు చోట్ల ఒకేసారి

మా పురింగ్ అమ్మమ్మను రాణిని చేయడానికి నేను ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నోరు నాదే కాబట్టి ఇంకొకర్ని అనడానికి లేదు.

మా కమునింగ్ పేటలో మే నెల వచ్చిందంటే చర్చి పండగకు రాణుల ఊరేగింపు. అమ్మాయిలు ఒక్కో రాణి వేషం కట్టి పూల తోరణాల కింద నడుస్తారు. తోరణానికి అటొకరూ ఇటొకరూ వెదురు కాళ్ళు పట్టుకుని మోస్తారు. అందరికన్నా చివర వచ్చే పెద్ద రాణి రేనా ఎలేనా. ఆ రాణి తోరణానికి కాగితప్పూలు చుట్టేది మా అమ్మమ్మే. పెళ్ళి కాకముందు నుంచీ చుడుతోంది. ఊళ్ళో ఎవరింటి పిల్ల రేనా ఎలేనా అయినా అమ్మమ్మ పూల కిందే నడిచింది, అమ్మమ్మ మాత్రం ఎన్నడూ నడవలేదు. చిన్నప్పుడు మంచి గౌనుకు గతి లేదు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత వయసు దాటిపోయింది.

ఈ ఏడు చర్చి పెద్దలకు మంచి బుద్ధి పుట్టింది. రేనా ఎలేనాగా పడుచుపిల్ల వద్దు, ఊరి అమ్మమ్మల్లో ఒకరు నడవాలన్నారు. ఎవరన్నది చర్చి ఫేస్‌బుక్ పేజీలో జనమే తేల్చాలి. ఎవరి ఫొటో కింద ఎక్కువ హార్టులు పడితే వాళ్ళే రాణి. ఊరేగింపు రోజు మధ్యాహ్నం చర్చి గంట కొట్టేదాకా గడువు.

పోటీలో చాలామందే ఉన్నా, అసలు పోటీ హెర్మినియా గారితో. వాళ్ళది రైసు మిల్లు. కొడుకులు దుబాయ్‌లో, కూతుళ్ళు కెనడాలో, వాళ్ళ స్నేహితులు భూగోళమంతా. పైగా ఆవిడ పద్దెనిమిదో ఏట ఒకసారి రేనా ఎలేనాగా నడిచిన మనిషి. "పురింగ్‌ది పూలు చుట్టే చెయ్యి. కిరీటం పెట్టుకునే తల వేరు" అని చేపల బజారులో అందట. అది సాయంత్రానికల్లా మా ఇంటికి చేరింది. ఆ పూట అమ్మమ్మ అన్నం సగంలో వదిలేసింది.

నాకు ఒళ్ళు మండింది. నేను వాడిన బట్టలు లైవ్ పెట్టి అమ్ముతాను. అందుకోసం ఫోన్‌లో ఒక ఆప్ ఉంది. అందులో ఒక్కసారి నొక్కితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్, ఎక్స్, ఐదింట్లోనూ ఒకేసారి పడుతుంది. వెలిసిన నైటీలో, గులాబీ రంగు కాగితాల మధ్య కూర్చుని, చెవి పక్కన ఒక కాగితప్పువ్వు దోపుకున్న అమ్మమ్మ ఫొటో తీసి వదిలాను. హార్టులు వానలా కురిశాయి. చుట్టాలు కొట్టారు, నా దగ్గర బట్టలు కొన్నవాళ్ళు కొట్టారు, ముక్కూమొహం తెలియనివాళ్ళు కొట్టారు. హెర్మినియా గారి ఇంటి ముందు నుంచి పని లేకపోయినా రెండుసార్లు నడిచి వచ్చాను.

ఊరేగింపు రోజు పొద్దున పక్కింటి లుమింగ్ అత్త వేడి వేడి బియ్యప్పిండి రొట్టె తెచ్చిచ్చి, మొహమాటంగా ఒక మాట అడిగింది. మన పురింగ్‌కి ఇన్ని వేల హార్టులుంటే చర్చి పేజీలో హెర్మినియానే ముందుందేమిటి అని.

రొట్టె నోట్లోనే ఉండిపోయింది. ఫోన్ తీసి చూశాను. చర్చి పేజీలో చర్చి వాళ్ళు పెట్టిన ఫొటో కింద కొట్టినవే లెక్క. మొదటి రోజే నియమాలు రాసి పెట్టారు. మా ఊళ్ళో నియమాలు ఎవరు చదువుతారు? ఫొటో కనపడితే హార్ట్ కొట్టడమే. నాకొచ్చిన వేల హార్టులూ నా గోడ మీదే ఉన్నాయి. అసలు చోట అమ్మమ్మకు వచ్చినవి హెర్మినియా గారి వాటిలో పావు వంతు కూడా లేవు. గంట కొట్టడానికి ఇంకా రెండు గంటలే టైముంది.

లైవ్ పెట్టి అందర్నీ బతిమాలదామని ఫోన్ స్టాండుకు తగిలించి నొక్కాను. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సిగ్నల్ కూడా చచ్చిందనుకుని అక్కడే కూలబడి ఏడ్చేశాను. నాకేదో నష్టమని కాదు. అమ్మమ్మకు ఆశ పెట్టింది నేను, చెడగొట్టిందీ నేనే. అది తట్టుకోలేకపోయాను.

చేతినిండా జిగురుతో అమ్మమ్మ వచ్చింది. వెక్కుతూనే సంగతి చెప్పాను. ఇక మొదలుపెట్టింది.

"ఒసేయ్ జొవెలినూ, పెళ్ళి మనింట్లో పెట్టుకుని జనాన్ని పక్కింట్లో భోజనాలకి కూర్చోబెట్టావే! నీకు బుద్ధి లేదు సరే, ఆ కొట్టినోళ్ళకేమైంది? రియాద్‌లో ఉన్న ఆ రోడెల్, పస్తులున్నప్పుడు పొద్దున్నే మనింటికొచ్చి గిన్నెడు జావ తాగిపోయేవాడు, వాడు కొట్టాడా సరైన చోట? సెబూలో టీచరమ్మ నెనిత, చదువుకున్నది కదా, అదీ చూసుకోలేదా? మీ మేనమామ టాటింగ్‌కి హార్ట్ ఎక్కడుంటుందో తెలుసా అసలు, ఒంట్లోనైనా సరే?"

అలా ఒక్కొక్కర్నీ పేరుపేరునా ఉతికి ఆరేసింది. తర్వాత ఉన్నట్టుండి గొంతు తగ్గింది. నా పక్కనే నేల మీద చతికిలబడింది.

"కిరీటం కోసం కాదే పిల్లా. జీవితమంతా ఆ తోరణం పైనుంచే చూశాను. బల్ల మీద పెట్టుకుని, పూలు గుచ్చుకుంటా. ఒక్కసారి కింద నుంచి చూడాలనుంది. అది ఎలా ఉంటుందో నాకు తెలీదు."

అప్పుడు చూశాను ఫోన్ వైపు. చక్రం ఎప్పుడు ఆగిందో ఆగింది. తెర నిండా ఎర్రటి హార్టులు పైకి ఎగురుతున్నాయి. వ్యాఖ్యలు చదవడానికి వీల్లేనంత వేగంగా పరిగెడుతున్నాయి. అమ్మమ్మ తిట్లు ఐదు చోట్లా ఒక్కసారే, ఒక్క ముక్క పోకుండా వెళ్ళిపోయాయి. రోడెల్ "అత్తా, కొడుతున్నా, కొడుతున్నా" అని రాశాడు. టాటింగ్ మామ ఏడుస్తున్న బొమ్మలు పెట్టాడు.

అందరూ వింటున్నారని చెప్పాను. అమ్మమ్మ బిత్తరపోతుందనుకున్నాను. ముందు జుట్టు సవరించుకుంది. జిగురు చేతులు నైటీకి తుడుచుకుంది. ఫోన్ దగ్గరికి మొహం పెట్టి చెప్పింది.

"విన్నారుగా. మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నారు? చర్చి పేజీకి పోండి. నా ఫొటో కింద కొట్టండి. కొట్టి, మీ పక్కనున్నోళ్ళ చేత కూడా కొట్టించండి."

ఆ తర్వాత ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. అమ్మమ్మ ముఖం చూడని ఊళ్ళవాళ్ళు ఆ వీడియో ముక్కను ఎత్తుకుని తమ గోడల మీద పెట్టుకున్నారు. "మా అమ్మమ్మా ఇలాగే తిట్టేది" అని రాసుకున్నారు. చర్చి పేజీలో అంకెలు కళ్ళముందే మారిపోతుంటే లుమింగ్ అత్త జపమాల తిప్పుతూ పైకి చదివింది. చర్చి గంట మోగేసరికి అమ్మమ్మ హెర్మినియా గారిని దాటి చాలా దూరం వెళ్ళిపోయింది. నేను వీధిలోకి పరిగెత్తి గెంతులేశాను. సిగ్గేమీ పడలేదు.

సాయంత్రం తోరణం మోయడానికి ఒక వైపు టాటింగ్ మామ నిలబడ్డాడు. రెండో వెదురు కాలు పట్టుకోవడానికి హెర్మినియా గారు వచ్చారు. అది మోయడానికి తమ మిల్లు నుంచి వచ్చిన పనిమనిషిని పక్కకు జరగమని, తనే పట్టుకున్నారు. అమ్మమ్మ ఫొటో కింద ఆవిడ పేరుతో ఉన్న హార్ట్ నేను చూశాను. అడిగితే, మనవడు చూపిస్తుంటే పొరపాటున వేలు తగిలిందన్నారు. పొరపాటైతే తీసేయొచ్చు, అదీ ఒక్క నొక్కే. తీయలేదు.

నేను అమ్మే బట్టల్లోంచి వెతికి పక్కన పెట్టిన తెల్లగౌను వేసుకుని, కిరీటం పెట్టుకుని, అమ్మమ్మ తోరణం కింద నడిచింది. బ్యాండు వాయించింది. ఊరంతా ఫోన్లెత్తి నిలబడింది. నాలుగడుగులు వేసి అమ్మమ్మ ఆగిపోయింది. బ్యాండు తడబడి ఆగింది. ఒంట్లో బాగోలేదేమోనని నేను పరిగెత్తాను.

అమ్మమ్మ తల పైకెత్తి తోరణాన్ని చూస్తోంది.

"ఎడమ పక్కన పూలు పల్చగా ఉన్నాయి" అంది. "ఇన్నేళ్ళూ అంతేనా? ఒక్కళ్ళూ చెప్పలేదేం?"

హెర్మినియా గారు వెదురు కాలు వదలకుండానే తల పైకెత్తి చూశారు.

"నేను నడిచిన రోజున జనాన్నే చూశాను పురింగ్. పైకి చూడాలని తోచలేదు."

అమ్మమ్మ కిరీటం సర్దుకుని, వచ్చే ఏడు ఎడమ పక్క తను చూసుకుంటానని చెప్పి, బ్యాండు వాళ్ళకి చెయ్యి ఊపింది.