పదిహేడో నంబరు తలుపు

పదిహేడో నంబరు డబ్బాను క్యారియర్ ఎప్పుడూ అన్నిటికన్నా ముందు వ్యాను ఎక్కిస్తాడు. అది చివరి ఇంటిది. అందుకని దాన్ని మిగతా పదహారు డబ్బాల వెనకాల, లోపలి మూలకు నెట్టి, పైన ఒక పాత దుప్పటి కప్పుతాడు. దుప్పటి కప్పమని, ముసలివాళ్ళకు భోజనాలు పంపే ఆ ఆఫీసువాళ్ళెవరూ చెప్పలేదు. ఆ ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటుతుంది, అప్పటికి అన్నం చల్లారితే తినేవాళ్ళకి ఏం బాగుంటుందని అతనే ఇంటినుంచి తెచ్చి పడేశాడు.

ఒక్కో నంబరుకు రెండు స్టీలు డబ్బాలు. ఇవాళ నిండు డబ్బా ఇచ్చి నిన్నటి ఖాళీ డబ్బా తెచ్చుకోవాలి. ఒకటి ముసలివాళ్ళ ఇంట్లో ఉంటే ఒకటి వంటశాలలో ఉంటుంది, అంతేగానీ ఒకే నంబరువి రెండూ ఒకేసారి వ్యానులో ఉండవు. పంతొమ్మిదేళ్ళుగా ఈ పని చేసీ చేసీ అతనికి ఖాళీ డబ్బా మూత తీస్తే చాలు, ఆ ఇంట్లో సంగతులన్నీ తెలిసిపోతాయి. కడిగి తుడిచి ఇచ్చారంటే ఓపిక ఉన్నట్టు. కడిగి తుడవకపోతే నడుము పట్టేసినట్టు. కూర అలాగే ఉండి అన్నం మాత్రమే అయిపోయిందంటే పళ్ళు నొప్పి. డాక్టర్లకు అబద్ధం చెప్పేవాళ్ళు కూడా డబ్బా దగ్గర దొరికిపోతారు.

క్యారియర్ అంటే అతని పేరు కాదు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది, అక్కడే ఉంటుంది. భోజనాల వేళ డబ్బాలు మోస్తాడు, పొద్దునా సాయంత్రమూ అదే వ్యానులో ముసలివాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. మొదట్లో ఎవరో "క్యారియర్ వచ్చాడు" అన్నారు. డబ్బా గురించి అన్నారో మనిషి గురించి అన్నారో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు వయసు యాభై ఎనిమిది. మోకాళ్ళు మాత్రం డెబ్బై దాటాయి.

ఆ మోకాళ్ళ కోసమే ఆరేళ్ళుగా ఒక కుర్చీ అడుగుతున్నాడు. వంటశాల గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, వెళ్ళే డబ్బాలూ వచ్చే డబ్బాలూ చూసుకునే పని. మెట్లు లేవు, మోత లేదు. అందులో కూర్చునే పెద్దమనిషి నిన్న రిటైరయ్యాడు. పొద్దున కాఫీ ఇస్తూ భార్య గ్లాసు వదలకుండా పట్టుకునే నిలబడింది.

"ఇవాళ అవునని చెప్పి రండి. మీ మోకాళ్ళు ఆ మెట్లకేమైనా రాసిచ్చారా? ఈసారి కాదన్నారంటే రాత్రిళ్ళు కాపడం పెట్టమని నన్ను అడగొద్దు."

"చూద్దాంలే."

"ఇంకా చూసేదేముంది? ఆరేళ్ళు చూశారుగా."

అతను గ్లాసు లాక్కున్నంత పని చేసి కాఫీ తాగి వచ్చేశాడు.

డబ్బాలన్నీ ఎక్కించి వెనక తలుపు వేస్తుంటే ఆఫీసు మేడమ్ వచ్చింది. చేతిలో ఫోను, చంకలో ఫైలు.

"ఏమన్నారు మరి? మీరు అడిగిందే కదా."

"అవునండి."

"అవునంటే వస్తున్నట్టా, అడిగింది అవుననా?"

క్యారియర్ వ్యాను తలుపు గడియ బిగించాడు. మేడమ్ గడియారం చూసుకుంది.

"ఒంటిగంట లోపు ఫోన్ చెయ్యండి. రెండో వ్యాను డ్రైవరు కూడా అడుగుతున్నారు. రమ్మంటే ఈ క్షణమే వచ్చి కూర్చునేట్టున్నారు."

వ్యాను గేటు దాటాక క్యారియర్ తనను తాను ఒక తిట్టు తిట్టుకున్నాడు. అవునని చెప్పడానికి నోట్లో ఏ అడ్డూ లేదు. అడ్డం ఉన్నదల్లా పదిహేడో నంబరు.

ఆ పదిహేడో నంబరు ఒక టైలర్ మాస్టారు. ఎనభై మూడేళ్ళు. ఒంటరివాడు. నాలుగో అంతస్తులో ఒకటే గది, కిటికీ పక్కన కుట్టు మిషను. నాలుగు నెలల క్రితం స్నానాల గదిలో జారిపడ్డాడు. ఎముక విరగలేదు గానీ కాళ్ళు మాట వినడం మానేశాయి. ఆఫీసు నియమం ఒకటుంది: డబ్బా తీసుకునే మనిషి తనంతట తాను తలుపు దాకా వచ్చి అందుకోవాలి. పుస్తకంలో "తలుపు దగ్గర" అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టాలి. వరసగా రెండు రోజులు టిక్కు లేకపోతే మేడమ్ వచ్చి చూస్తుంది. చూసిందంటే ఊరి చివర వృద్ధుల హోముకు పంపిస్తారు. పంపించే వ్యాను కూడా ఇదే. ఇప్పటికి పదకొండు మందిని క్యారియరే దింపి వచ్చాడు, ఒక్కరిని కూడా తిరిగి ఎక్కించుకుని రాలేదు.

పడిన రెండో రోజున పక్కింటావిడ తలుపు తీస్తే, మాస్టారు మంచం మీంచే అడిగాడు. "రాయకోయ్. అక్కడ మిషను పెట్టుకోనివ్వరట. పోయిన ఏడాది నా స్నేహితుణ్ణి చూడ్డానికి నీ వ్యానులోనే వెళ్ళాం కదా. వాడు రోజంతా గోడ చూస్తూ కూర్చుంటున్నాడు. నేను గోడ చూడలేను."

క్యారియర్ ఆ రోజు టిక్కు పెట్టాడు. ఒక్క రోజే కదా అనుకున్నాడు. మర్నాడు మాస్టారు తన రెండో తాళంచెవి ఇచ్చాడు. అప్పట్నుంచి ఆ తాళంచెవి వ్యాను తాళాల గుత్తిలోనే ఉంటోంది. తలుపు తానే తీసుకుంటాడు, డబ్బా మంచం దగ్గరికి తీసుకెళ్తాడు, పుస్తకం మాస్టారి ఒళ్ళో పెట్టి సంతకం తీసుకుంటాడు, తలుపు దగ్గర అని టిక్కు పెడతాడు. జాలితో పెట్టిన ఆ టిక్కులో తనే ఇరుక్కుపోయాడు. జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు. ఆ రూటులోకి ఇంకో డ్రైవరు వచ్చాడంటే మొదటి రోజే తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే గడి ఖాళీగా వదిలేసి పోతాడు. అందులో అతని తప్పు కూడా ఏమీ ఉండదు. ఈ సంగతి భార్యకు చెబుదామని చాలాసార్లు అనుకున్నాడు. చెబితే తిడుతుంది, తిట్టాక ఏడుస్తుంది, ఆ రెండూ భరించలేక చెప్పలేదు.

ఇళ్ళు ఒక్కొక్కటీ అయ్యాయి. తొమ్మిదో నంబరు ఉప్పు పెద్దమ్మ తలుపు తీసే ఉంచింది. పంతొమ్మిదేళ్ళలో కూరలో ఉప్పు సరిపోయిందని ఆవిడ ఒక్కనాడూ ఒప్పుకోలేదు.

"నిన్న ఉప్పు కషాయం. మొన్న చప్పిడి. మీ వంటవాడికి చెయ్యి ఒకటేనా, రెండా?"

"రెండేనండి పెద్దమ్మా. రెంటితోనూ వేస్తున్నట్టున్నాడు."

"నవ్వకు. మూడింటికి కళ్ళ ఆసుపత్రికి నువ్వే రావాలి. పోయినసారి ఎవణ్ణో పంపించారు, నన్ను మెట్టు మీంచి బస్తా దింపినట్టు దింపాడు."

"నేనే వస్తాను."

ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అంటాడో అతనికే తెలియదు. ఆవిడ ఖాళీ డబ్బా మూత తీసి చూశాడు. ఉప్పు కషాయమన్న కూర ఆనవాలు కూడా మిగల్చలేదు.

పదహారో ఇల్లు అయ్యేసరికి పన్నెండూ యాభై. మాస్టారి భవనం కింద వ్యాను ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు అంతస్తులు, అరవై రెండు మెట్లు, లిఫ్టు లేదు. నిన్న ఇదే వేళకు పైన మంచం పక్కన కూర్చుని, ఎవరితోనూ అనని మాట మాస్టారితో అనేశాడు. కుర్చీ ఖాళీ అయిందనీ, తను వెళ్ళడం లేదనీ. అనేశాక నాలుక కొరుక్కున్నాడు.

మాస్టారు అన్నం కలపడం ఆపేశాడు. తర్వాత, "నా మూలానేనా?" అన్నాడు.

"మీ మూలాన ఎందుకవుతుందండి? నాకే కూర్చుంటే తోచదు."

"అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో. రేపట్నుంచి తలుపు నేనే తీస్తాను చూడు."

"మీరా?"

"తలుపెంత దూరం? పదకొండు అడుగులు. జీవితమంతా టేపు పట్టుకుని బతికినవాణ్ణి, నాకు కొలతలు చెప్పకు."

క్యారియర్ నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.

క్యారియర్ ఇప్పుడు స్టీరింగు మీంచి చేతులు తీసి ఫోను అందుకున్నాడు. కోపంగా ఉందని తెలుస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు. ఒక్కసారి, ఒక్క క్షణం, ఈ ముసలాయన లేకపోతే బాగుండునని కూడా అనిపించింది. అనిపించగానే గబగబా మేడమ్ నంబరు నొక్కాడు.

"మేడమ్, నాకొద్దండి. నేను రూటులోనే ఉంటాను."

"బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండి."

దుప్పటి తీసి భుజాన వేసుకుని, డబ్బా పట్టుకుని మెట్లెక్కాడు. ప్రతి అంతస్తులోనూ ఆగి రెయిలింగు పట్టుకున్నాడు. నాలుగో అంతస్తులో గుత్తిలోంచి తాళంచెవి వేళ్ళతో వెతుక్కుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు. తాళంచెవితో పనిలేకపోయింది. తలుపు బెత్తెడు మేర తీసి ఉంది.

మెల్లగా తోస్తే దేనికో ఆనింది. సందులోంచి పక్కగా దూరి లోపలికి వెళ్ళాడు. మాస్టారు తలుపు పక్కనే, మిషను ముందుండే స్టూలు మీద గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా బొత్తాలు. ఒళ్ళో నిన్నటి ఖాళీ డబ్బా, కడిగి, తుడిచి, మూత బిగించి. మంచం నుంచి తలుపు దాకా కుర్చీ, చిన్న బల్ల, ట్రంకుపెట్టె ఒకదాని తర్వాత ఒకటి వరసగా జరిపి ఉన్నాయి, చెయ్యి ఆన్చుకోవడానికి. అవన్నీ ఎప్పుడు జరిపాడో, ఎంతసేపు జరిపాడో.

"అన్నంత పనీ చేశారే మాస్టారూ," అన్నాడు క్యారియర్. గొంతులో నిజంగా సంతోషం ఉంది. "ఒక్కరే ఇవన్నీ జరిపి..."

డబ్బా అందుకోబోతే మాస్టారి చెయ్యి తగిలింది. ఆ చల్లదనం అతనికి తెలుసు. పంతొమ్మిదేళ్ళలో ఇంతకు ముందు ఆరుసార్లు తెలిసింది.

గుమ్మంలోనే కూలబడ్డాడు. నాలుగు నెలల క్రితం గడి ఖాళీగా వదిలేసి ఉంటే ఈయన ఇవాళ హోములో గోడ చూస్తూనైనా ఉండేవాడు. నిన్న నోరు మూసుకుని ఉంటే ఇవాళ మంచం మీద ఉండేవాడు. రెండూ తనే చేశాడు. రెండూ మంచికే చేశాడు. ఈ మాట ఎవరితో చెప్పుకున్నా "నీ తప్పేముంది" అంటారు. అలా అంటారనే ఎవరితోనూ చెప్పుకోలేడు.

కాసేపటికి లేచి ఫోను చేశాడు. మేడమ్ వెంటనే అంబులెన్సుకు చెబుతానంది. తర్వాత ఆఫీసు గొంతుతో అడిగింది. "మనిషి తలుపు దాకా రాగలిగేవారేనా? రోజూ టిక్కు ఉంది."

"తలుపు ఆయనే తీశారండి."

నాలుగు నెలల్లో ఆ గడి గురించి అతను చెప్పిన మొదటి నిజం అదే.

"సరే, పుస్తకంలో అలాగే రాయండి."

"మేడమ్... ఆ కుర్చీ సంగతి."

"మీరు వద్దన్నారుగా. రెండో వ్యాను డ్రైవరుకు అప్పుడే చెప్పేశాను. వచ్చి కూర్చున్నారు కూడా. ఏం, ఎందుకు?"

"ఏం లేదండి. ఊరికే."

అంబులెన్సు వాళ్ళు వచ్చారు, కాగితాలు నింపారు, మాస్టారిని స్ట్రెచర్ మీద మెట్లు దింపారు. క్యారియర్ పుస్తకం తెరిచి తలుపు దగ్గర గడిలో టిక్కు పెట్టాడు. పక్కన సంతకం గడి ఖాళీగా వదిలేశాడు. గది తాళం వేసి, గుత్తిలోంచి ఆ తాళంచెవి తీసి పక్కింటావిడకు ఇచ్చాడు. గుత్తి తేలికేమీ కాలేదు.

కిందికి వచ్చేసరికి రెండున్నర. మూడింటికి ఉప్పు పెద్దమ్మ గుమ్మంలో చేతిసంచీతో సిద్ధంగా నిలబడి ఉంటుంది. నేనే వస్తానన్నాడు. తర్వాత మరో ముగ్గురున్నారు. ఆపైన రేపు, ఆపైన మెట్లు. ఇంటికెళితే కుర్చీ ఏమైందని భార్య అడుగుతుంది, ఇంకొకరికి ఇచ్చేశారని చెప్పాలి. వెనక డబ్బాల అరలోకి వెళ్ళడానికి ఓపిక లేక చేతిలో ఉన్న నిండు డబ్బా, ఖాళీ డబ్బా రెంటినీ పక్కసీటులోనే పెట్టి, అలవాటు కొద్దీ భుజాన ఉన్న దుప్పటి వాటి మీద కప్పి, బండి స్టార్ట్ చేశాడు.

మలుపులో దుప్పటి జారింది. పదిహేడో నంబరు డబ్బాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, సర్దబోతే చేతికి తెలిసింది, ఒకటి ఇంకా వెచ్చగానే ఉంది.