అడగని మొక్క

వారమంతా ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుని జనం చేత చీవాట్లు తినడం నా ఉద్యోగం. ఆదివారం నాకు కావలసిందల్లా మంచం, ఒక నవల, ఆ నవల మొహం మీద పడేదాకా నిద్ర. మా ఆడపడుచు మాత్రం, "మట్టి ముట్టుకుంటే మనసు తేలికవుతుంది వదినా," అంటూ బాల్కనీలో తొట్టి పెట్టించి వంగనారు నాటి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ వంగనారు గొంతెమ్మ కోరికలు తీర్చడం ఎవరి తరం? నీళ్లు తగ్గితే వాడిపోతుంది, ఎక్కువైతే కుళ్లిపోతుంది. పురుగు పడితే ఆకు ఆకూ తుడవాలి. నా ఆదివారాలన్నీ దానికే ధారపోశాను. అయినా ఒక్కొక్క మొక్కే తల వాల్చేసింది. విసుగొచ్చి అటు వెళ్లడమే మానేశాను.

ఇవాళ బట్టలు ఆరేద్దామని వెళ్తే తొట్టి నిండా ఏదో మొక్క. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. వానజల్లు తాగి పెరిగినట్టుంది, నిగనిగలాడుతోంది. బట్టల బకెట్ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

ఆదివారం షికారుకు కొండెక్కి వచ్చిన మా ఆయన, బురద బూట్లు గుమ్మంలోనే వదిలేసి బాల్కనీలోకి వచ్చారు.

"అది ఉత్త కలుపుమొక్క. పీకేస్తా, జరుగు."

"దాని జోలికి రాకండి."

"దేనికి పనికొస్తుందట?"

"ఈ ఇంట్లో నన్నేమీ అడగకుండా బతుకుతున్నది అదొక్కటే."

ఆయన ఆ మొక్కవైపు చూశారు, నావైపు చూశారు.

"సరేలే," అన్నారు చివరికి. "మరి టీ ఎప్పుడు పెడతావు?"