నలభై రెండు నిమిషాల ఎండ

శాంపిళ్లాయనకి పొద్దున లేవగానే రబ్బరు బ్యాండ్లతో పని. రెండు బ్యాండ్లు మోటారుసైకిలు హ్యాండిల్‌కి తగిలించి, వాటి మధ్య బొటనవేలంత కెమెరా ఇరికించాలి. ఎర్ర పెట్టెలో ఐసు ప్యాకెట్లు సర్ది, వెనక క్యారియర్‌కి బిగించాలి. ఆ తరువాత ఏడు క్లినిక్కులు తిరిగి, అక్కడ తీసిన రక్తం గొట్టాలు పెట్టెలో వేసుకుని, తొమ్మిదిన్నరకల్లా పెద్ద ల్యాబులో అప్పజెప్పాలి. పదిహేనేళ్లుగా ఇదే ఉద్యోగం. అసలు పేరు జీతం కాగితం మీద ఉంది గానీ, ఇంట్లోవాళ్లు తప్ప అందరికీ ఆయన శాంపిళ్లాయనే.

కెమెరా చౌకరకం. తెర లేదు. ఒకటే మీట, ఒకటే పసుపు దీపం. అలాంటివి రెండు కొన్నాడు, బండికొకటి, విమానానికొకటి. విమానం అంటే కంగారు పడనక్కర్లేదు. థర్మాకోలు రెక్కలు, గిర్రున తిరిగే చిన్న పంకా, బ్యాటరీ నిండా ఎక్కిస్తే పది నిమిషాల ప్రయాణం. ఆదివారం మైదానంలో ఎగరేసి, సాయంత్రం ఆ వీడియో కంప్యూటర్లో పెట్టి భార్యకి, మరదలికి చూపించేవాడు.

"బావా, ఆ మేడ మీద ఆరేసినవి మన దుప్పట్లేనా? అక్క ఎంత బాగా ఉతుకుతుందో పైనుంచి చూస్తే తెలుస్తోంది" అనేది మరదలు.

"పైనుంచి చూసే బదులు కిందికి దిగి నువ్వు ఉతకొచ్చుగా" అనేది భార్య.

మరదలిదీ ఆ ల్యాబులోనే ఉద్యోగం. బావ తెచ్చిన గొట్టాలు తిన్నగా ఆమె బల్ల మీదికే వస్తాయి. చేరి ఎనిమిది నెలలైంది. ఇంకో నాలుగు నెలలు ఏ మాటా పడకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అప్పుడు సొంతంగా ఒక గది తీసుకుంటానని, దాని కిటికీకి ఆకుపచ్చ కర్టెన్లు వేస్తానని రోజూ చెప్పేది. కర్టెన్లు కుట్టి పెట్టెలో పెట్టేసుకుంది కూడా.

ఆ గురువారం గాలి మహా బాగుంది. ముందురోజే రెక్క అతికించాడు, అది నిలుస్తుందో లేదో చూడాలని ఒకటే ఆత్రం. విమానాన్ని సంచిలో పెట్టి వీపుకి తగిలించుకునే బయలుదేరాడు. ఏడు క్లినిక్కులూ తిరిగి ల్యాబు వైపు వస్తుంటే దారిలో మైదానం కనిపించింది. ఒక్క పది నిమిషాలేగా అనుకున్నాడు.

బండి ఆపి కెమెరా కూడా ఆపేద్దామని మీట నొక్కాడు. దీపం వెలిగింది. ఇదేంటి ఆరలేదని మళ్లీ నొక్కాడు. ఆరింది. ఈ కెమెరాలో దీపం వెలిగితే ఊరికే కూర్చున్నట్టు, ఆరితే రికార్డు చేస్తున్నట్టు. తయారుచేసినవాళ్ల బుద్ధి అలా పనిచేసింది. ఆ తిరకాసు ఆయనకి తెలియనిది కాదు, కాకపోతే కళ్లు అప్పటికే ఆకాశంలో ఉన్నాయి. రెక్కలు బిగించడానికి బండి సీటు కావాలి కాబట్టి ఎర్ర పెట్టెను దించి బండి ముందు, ఎండలో పెట్టాడు. సరిగ్గా కెమెరా ఎదురుగా.

రెక్క నిలిచింది. విమానం పక్షికంటే బాగా ఎగిరింది. పది నిమిషాలకు దించేసరికి బ్యాటరీ కాలిపోతోంది, మార్చి వేరేది వేద్దామంటే అదీ సంచిలో ఉడికిపోయి ఉంది. వేడి బ్యాటరీతో ఎగరేస్తే ఉబ్బిపోతుంది. అప్పుడు శాంపిళ్లాయన పెట్టె మూత తీసి, రక్తం గొట్టాల పక్కనున్న ఐసు ప్యాకెట్టు తీసి, బ్యాటరీని దాని మీద పడుకోబెట్టాడు. చల్లబడ్డాక మళ్లీ ఎగరేశాడు. ఇంకోసారి కూడా. కరిగిపోయిన ప్యాకెట్టును పెట్టెలో పెట్టేసి, ట్రాఫిక్కు అని చెప్పి ల్యాబులో ఇచ్చేశాడు.

ఆ గొట్టాల్లో ఒకటి రిటైరైన పోస్టుమాస్టరుది. రక్తంలో పొటాషియం ప్రాణం మీదికొచ్చేంత ఎక్కువ ఉందని రిపోర్టు వెళ్లింది. ఆయన్ని హుటాహుటిన ఆసుపత్రిలో చేర్చి, ఒంటినిండా తీగలు పెట్టి, మూడు రోజులు మంచం దిగనివ్వలేదు. ఆయన భార్య బంధువులందరికీ కబురు పెట్టేసింది. నాలుగో రోజు మళ్లీ పరీక్ష చేస్తే పొటాషియం శుభ్రంగా ఉంది. వేడికి పాడైన రక్తం ఆ అంకె చూపించిందని తేలింది.

ల్యాబులో పాడైందంటే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లే గొట్టాలు ఫ్రిజ్జులో పెట్టకుండా బయట వదిలేసి ఉంటారు. పెద్ద డాక్టరు గారు అలాగే అనుకున్నారు. పది రోజుల్లో విచారణ పెట్టారు.

ఆ సంగతి తెలిసిన రాత్రి భోజనాల దగ్గర మరదలు అన్నం కెలుకుతూ అంది. "గొట్టం చూడగానే రంగు కాస్త తేడాగా అనిపించింది బావా. నువ్వు తెచ్చిన పెట్టె కదా అని ఊరుకున్నాను. దారిలో పాడైందేమో అని వాళ్లు అడిగారు. మా బావ పెట్టెను పసిపిల్లలా తెస్తాడు, ఆయన్ని ఏమీ అనకండి అని గట్టిగా చెప్పేశాను."

శాంపిళ్లాయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. "కూర ఇంకాస్త వెయ్యి" అన్నాడు. ఆ మాట అన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కూర వేసుకుని తిన్నాడు కూడా.

బండి కెమెరాలో నలభై రెండు నిమిషాల వీడియో ఉందని ఆయన ఎప్పుడో చూసుకున్నాడు. ఎండలో పెట్టె, ఐసు తీస్తున్న తన చెయ్యి, వెనకాల ఆకాశం వైపు చూసి నవ్వుతున్న తన మొహం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చెరిపేద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే వేలు కదల్లేదు. తన చేత్తో చెరిపితే అది మోసం. అయితే ఈ కెమెరాల్లో ఒక సదుపాయం ఉంది. కార్డు నిండిపోతే కొత్త వీడియో పాతదాని మీద పడి దాన్ని తినేస్తుంది. అలా దానంతటదే పోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? మనిషి తనకు తాను టోపీ పెట్టుకోవాలంటే ఏ కాస్త తెలివైనా సరిపోతుంది. ఆ ఆదివారం బండి కెమెరాను విమానానికి కట్టి, మీట నొక్కి, దీపం ఆరిందని రెండుసార్లు చూసుకుని పైకి పంపాడు.

విమానం దిగలేదు.

పది నిమిషాలైంది, గంటైంది, సాయంత్రమైంది. చేతిలో రిమోటు ఎటు తిప్పినా అది తన మానాన తాను తలపైన గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఆయన ఇంటికి బయలుదేరితే వెంటవచ్చింది. మర్నాడు క్లినిక్కులకి వెళితే అక్కడికీ వచ్చింది.

ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. రెండో క్లినిక్కు నర్సుకి పని తేలికైంది. "మీ విమానం కనిపించగానే గొట్టాలు తీసి పెట్టేశాను, ఇవిగో" అంది. పక్కింటావిడ మాత్రం కొంచెం చిరాకు పడింది. "పొద్దున్నే ఆ చప్పుడేంటి నాయనా, మా మనవరాలు పడుకుంది. కాస్త అటువైపు తిప్పుకోరాదూ?" శాంపిళ్లాయన సిగ్గుపడి ఇల్లు వదిలి వీధి చివర పార్కులో కూర్చున్నాడు. చప్పుడు కూడా పార్కుకి వెళ్లింది.

ఆయన లెక్క ప్రకారం రెండో రోజుకే కార్డు నిండి, ఆ నలభై రెండు నిమిషాలు మాయమై ఉండాలి. ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా గుండె తేలికపడేది. వెంటనే తేలికపడ్డందుకు తల వంగిపోయేది. విమానం రోజురోజుకీ కిందికి దిగుతోంది గానీ, చెయ్యికి అందేంత కాదు.

విచారణ రోజు ల్యాబు వెనక గదిలో పెద్ద డాక్టరు గారు, లెక్కలు చూసే ఆఫీసరు, మరదలు కూర్చున్నారు. శాంపిళ్లాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. పోస్టుమాస్టరు కూడా వచ్చారు. సూదులు గుచ్చిన చోట చేతులు ఇంకా నల్లగా కమిలి ఉన్నాయి. ఆయన ఎవరినీ తిట్టలేదు. "మూడు రోజులు మా ఆవిడ ఏడుస్తూనే ఉందండీ" అన్నారు, అంతే.

మరదలు కాగితం ముందుకు జరుపుకుంది. ఉద్యోగం తనే మానుకుంటున్నట్టు రాస్తే రికార్డులో మచ్చ లేకుండా చూస్తామన్నారు. "నేనే బయట మరిచిపోయి ఉంటానండీ. నాకు గుర్తులేదు గానీ, ఇంకెలా పాడవుతుంది?" అంది. పది రోజులు అందరూ అంటుంటే పిల్ల తనే నమ్మేసింది.

అది విని శాంపిళ్లాయన తట్టుకోలేకపోయాడు. "అది కాదండీ. నేనే. మైదానంలో ఎండలో పెట్టాను. ఐసు తీసి బ్యాటరీ చల్లబెట్టుకున్నాను" అన్నాడు ఒక్క గుక్కలో.

పెద్ద డాక్టరు గారి మొహం మెత్తబడింది. "మరదలి మీద ఎంత అభిమానమయ్యా నీకు!" అన్నారు.

"అభిమానం కాదండీ, నిజం."

"పదిహేనేళ్లుగా చూస్తున్నాను నిన్ను. బ్యాటరీకి ఐసు పెట్టడమేంటి, కథ అయినా కాస్త నమ్మేలా చెప్పు."

"ఇలాంటి బావ దొరకడం అదృష్టం అమ్మా" అన్నాడు ఆఫీసరు. పోస్టుమాస్టరు కూడా కళ్లు తుడుచుకున్నారు. మరదలు లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నాకోసం నింద నెత్తినేసుకోకు బావా. అక్కకి నేనేం మొహం చూపించను?"

ఆయన వద్దంటున్నకొద్దీ గొప్పవాడైపోతున్నాడు. జీవితంలో ఎవరూ ఆయన్ని ఇంత మెచ్చుకోలేదు. ప్రతి మెచ్చుకోలూ చెంపదెబ్బలా తగిలింది. రుజువు ఒకటుండేది, దాన్ని తనే ఆకాశానికి పంపి తినిపించేశాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. "రుజువు ఉండేదండీ, ఆ విమానంలో. నేనే పాడుచేశాను. దానికోసమే ఎగరేశాను" అని కిటికీలోంచి పైకి చూపించాడు.

బయట పంకా చప్పుడు ఆగింది. తెరిచి ఉన్న కిటికీలోంచి విమానం నెమ్మదిగా లోపలికి వచ్చి, మరదలు సంతకం పెట్టబోతున్న కాగితం మీద దిగింది.

"దిగిందే" అన్నాడు ఆఫీసరు, ఆలస్యంగా వచ్చిన బస్సును చూసినట్టు.

పెద్ద డాక్టరు గారు కెమెరా ఊడదీసి కంప్యూటరుకి తగిలించారు. నాలుగు రోజుల ఆకాశంలో ఒక్క క్షణం కూడా కార్డులో లేదు. ఉన్నది ఒకే వీడియో. తెర మీద ఎర్ర పెట్టె, దాని మీద ఎండ. కాసేపటికి ఒక చెయ్యి వచ్చి మూత తీసింది.

ఆఫీసరు ముందుకు జరపబోయాడు. "జరపకండి" అంది మరదలు. "మొత్తం చూస్తాను."

నలభై రెండు నిమిషాలు. తెర మీద శాంపిళ్లాయన పిల్లాడిలా కేరింతలు కొడుతున్నాడు, తలుపు దగ్గరి శాంపిళ్లాయన నేల చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తితే పోస్టుమాస్టరు తెరను చూడడం లేదు, కమిలిన తన చేతిని చూసుకుంటున్నారు. అంతకంటే ఆయన ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

అయిపోయాక పెద్ద డాక్టరు గారు మరదలి కాగితం చించేసి, శాంపిళ్లాయన ముందు ఒక తెల్లకాగితం పెట్టారు. ఆయన రాజీనామా రాసి, సంతకం చేసి, పోస్టుమాస్టరు దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. ఆయన తలూపారు. క్షమించినట్టో, చూశాను వెళ్లమన్నట్టో తెలియలేదు.

మరదలు వెంట వరండా దాకా వచ్చింది. కళ్లు పొడిగా ఉన్నాయి. "పది రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు బావా" అంది.

ఆయన బండి తాళంచెవి జేబులోంచి తీసి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పు. నేను సాయంత్రం వచ్చేలోపు చెప్పెయ్యి." అని లోపలికి వెళ్లిపోయింది. బయట వరసలో కూర్చున్నవాళ్లలో తరువాతి నంబరు పిలవడం వినిపించింది. ఆమె గొంతే.

ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. భార్య వంటింట్లో ఉంది.

"ఏంటండీ, ఇంత త్వరగా వచ్చేశారు? ఒంట్లో బాగాలేదా?" అంటూ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "చల్లగానే ఉంది. దానికి ఉద్యోగం పోయిందా? అది చెప్పడానికేనా?"

"లేదు. దాని ఉద్యోగానికి ఢోకా లేదు."

"హమ్మయ్య! మీరే ఏదో మాట్లాడి ఉంటారు. నాకు తెలుసు, మీరుండగా దానికి అన్యాయం జరగనివ్వరు."

శాంపిళ్లాయన కుర్చీలో కూర్చున్నాడు. భార్య మొహంలో ఆ సంతోషం ఇంకో నిమిషం ఉండనిద్దామా అనుకున్నాడు. అలా అనుకోవడం ఎక్కడికి తెచ్చిందో ఇప్పుడు బాగా తెలుసు.

"స్టవ్వు కట్టేసి ఇలా వచ్చి కూర్చో" అన్నాడు.