మొదటి వ్యాసం

వెర్నా కోస్టియక్, దారుల్లో మంచు కరగడానికి చల్లిన ఉప్పునీళ్లతో తడిసిన మంచు బూట్లు విప్పి బల్ల కింద పెట్టి, మెత్తటి చెప్పులు తొడుక్కుంది. పాత కేటలాగు కార్డుల కట్టలోంచి ఒకటి లాగి, వెనకవైపు ఖాళీగా ఉందో లేదో చూసుకుంది. ఆమె లైబ్రేరియన్‌గా ఉన్న ఈ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లుగా, ఏ విద్యార్థి ఏం వెతకాలన్నా ముందు ఈ కార్డు మీద పెన్సిలుతో రాయాల్సిందే. కంప్యూటరు ఆ తర్వాతే.

లియోరా ఫ్రీసన్ వచ్చేసరికి పది దాటింది. వ్యాయామ శాస్త్రం మూడో ఏడు. సాయంత్రాలు వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లచేత కసరత్తు చేయిస్తుంది. గుండె నీరసించినవాళ్లు రోజూ ఎంతసేపు నడవవచ్చో, ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి సమీక్ష రాస్తోంది. మర్నాడు మధ్యాహ్నానికి ఇవ్వాలి. దాన్నిబట్టి ఆశ్రమంవాళ్లు నడక వేళలు మారుస్తామన్నారు.

ఆమె తెచ్చిన పన్నెండు వ్యాసాల్లోనూ ఒకటే మాట: చురుగ్గా అరగంట నడిస్తే ప్రమాదం లేదు.

వెర్నా ఒక్కొక్క వ్యాసం చివర ఆధారాల జాబితా చూస్తూ కార్డు మీద బాణాలు గీసింది. అన్నీ తిరిగి తిరిగి 1978 నాటి ఒకే వ్యాసం దగ్గర ఆగాయి. అది కంప్యూటర్లో లేదు, నేలమాళిగలోని పాత సంపుటాల్లోనే ఉంది.

"పన్నెండుమంది చెప్పారు కదండీ, చాలదా?" అంది లియోరా.

"పన్నెండుమందీ పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి రాశారు తల్లీ. మొదటివాడు ఏం చూశాడో ఎవరూ చూడలేదు."

"మా ప్రొఫెసర్ అంత లోతుకి అడగరు వెర్నా గారూ."

"అడగడు. నువ్వు నడిపించే ముసలాళ్లూ అడగరు. అందుకే చూడాలి."

లియోరా ఐదింటికి, క్లాసు అయ్యాక వస్తానని చెప్పి వెళ్లింది.

లిఫ్టు చెడిపోయింది. మధ్యాహ్నం వెర్నా మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగింది. నేలమాళిగలో దీపాలు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే ఆరిపోతాయి. పట్టాల మీద ఒకదానికొకటి ఆనుకుని ఉన్న బీరువాలను చక్రం తిప్పి విడదీసి, 1978 నాటి ఆకుపచ్చ అట్ట సంపుటి తీసి, పీట మీద కూర్చుంది.

ఆ పరిశోధనలో నడిచింది ఇరవై ముగ్గురు మగవాళ్లు. అందరూ యాభై ఐదు లోపువాళ్లే. ఆరుగురు ఆయాసంతో మధ్యలో మానేశారు. వాళ్లను ఫలితాల్లో కలపలేదని పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఆమె ఆ మాట రెండోసారి చదివింది. రెండేళ్ల కిందటి చలికాలంలో, రోజూ అరగంట చురుగ్గా నడవాలని ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితం పట్టుకుని, గుండె నీరసించిన భర్త ఒరెస్ట్‌ను రోజూ పొద్దున్నే షాపింగ్ మాల్‌లో నడిపించింది. ఆయనకప్పుడు డెబ్బై ఒకటి. బెంచీ వచ్చినప్పుడల్లా దానివైపు చూసేవాడు. "ఇంకో పది నిమిషాలే, ఇందులో రాసుంది," అనేది ఆమె. ఆయన నడిచేవాడు. ఆ చలికాలం దాటలేదు. ఎవరేం చెప్పినా అది ఎక్కడిదని అడిగే వెర్నా, ఆ ఒక్క కాగితం విషయంలో అడగలేదు.

వెర్నా పెన్సిలు తీసి కార్డు మీద రాసింది. రాసి, ఆ పేజీలోనే పెట్టింది.

ఐదింటికి లియోరా నేలమాళిగ తలుపు తీస్తే లోపల చీకటి. ఆమె అడుగులకు దీపాలు వరుసగా వెలిగాయి. చివరి వరుసలో వెర్నా బీరువాకు తల ఆనించి కూర్చుని ఉంది. చేతులు ఒళ్లోని పుస్తకం మీద ఉన్నాయి. లియోరా పిలిచి, వాటిని తాకింది. చల్లగా ఉన్నాయి.

కార్డు మీద బాణాల కింద ఇలా ఉంది: "వీళ్లలో ముసలివాళ్లు లేరు. ఆగిపోయినవాళ్లను కలపలేదు. ఎవరైనా బెంచీ వైపు చూస్తే, కూర్చోనివ్వు."

మర్నాడు లియోరా అరగంట నడవవచ్చన్న వాక్యం కొట్టేసి, పెద్దవాళ్ల సంగతి ఎవరూ చూడలేదని రాసి సమీక్ష ఇచ్చింది. ఆశ్రమానికి ఫోన్ చేసి, నడవా పొడవునా కుర్చీలు వేయించమంది. తర్వాత, తను వెంట తీసుకెళ్లిన సంపుటి తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్లింది. వెర్నా కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల కింద ఆమె మంచు బూట్లు వాకిలివైపు తిరిగి ఉన్నాయి, కరిగిన మంచు ఆరిపోయి, మడమల చుట్టూ తెల్లటి ఉప్పు చారతో.