పక్కలు కుట్టని జాకెట్టు

అత్త నాకు కొలత తీసుకుంటోంది, కానీ ఆమె చెయ్యి నాకు తగలడం లేదు. బొటనవేలు ఒకచోట ఆనించి, చిటికెనవేలి దాకా జానెడు సాచి, నా వీపు ఉండాల్సిన చోట పెడుతోంది. అక్కడ వీపు లేదు. నేను బెత్తెడు ఇవతల ఉన్నాను. ఆ ఖాళీలో ఆమె వేళ్ళు ఒకసారి మూసుకుని, ఏమీ దొరక్క, మళ్ళీ తెరుచుకుంటున్నాయి. అందుదామని నేను కొంచెం వెనక్కి జరుగుతాను, నేను జరిగిన మేరకి ఆమె చెయ్యి కూడా జరుగుతుంది, మా మధ్య ఆ బెత్తెడు అట్లాగే ఉండిపోతుంది.

ఇది మా ఇంటి ముందు రేకుల పంచే. కుట్టుమిషను ఎప్పుడూ ఉండే మూలలోనే ఉంది, దాని మీద పాత దుప్పటి కూడా ఉంది, కానీ నేల బస్సు నేలలాగా సన్నగా వణుకుతోంది, పంచ దాటాక వీధి ఉండాల్సిన చోట ఆరబోసిన మిరపకాయలు కనుచూపు మేర ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. మార్తమ్మ అత్త, మా నాన్నకి అక్క, నన్ను పెంచిన మనిషి, పోయిన వానాకాలంలో చనిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా, అన్నం దగ్గర అనకూడని మాటల్లాగా అది ఇక్కడ అనకూడదని నోరు మూసుకుని నిలబడి ఉన్నాను.

"ఎవరమ్మాయ్ నువ్వు" అంటుంది అత్త.

"నేనత్తా, దీవెనని."

"దీవెన ఇంతేడ ఉంటది? అది నా మేనకోడలు. అది గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు." తన మాటకి తనే నవ్వుకుంటుంది, నవ్వుతూ నా తల పక్కనుంచి మిరపకాయల వైపు చూస్తుంది. "పండక్కి జాకెట్టు కుట్టాల దానికి. దాన్ని పిలువు, పో."

చివరి ఏడాది అత్తకి షుగరు కళ్ళకి ఎక్కింది. మనుషులు నీడల్లాగా కనిపించేవాళ్ళు. ఎవరొచ్చినా దగ్గరికి రమ్మని, మోచేతి పైన పట్టుకుని, వేళ్ళతో చుట్టూ ఒకసారి తడిమి పేరు చెప్పేది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టిన మనిషి, ఎవరి చెయ్యి ఎంతో ఆమె వేళ్ళకి తెలుసు. నా చెయ్యి పట్టుకుంటే మాత్రం పేరు చెప్పేది కాదు, "నా బంగారు బస్తా వచ్చింది" అనేది. ఇప్పుడు ఆ చెయ్యి నాకు లేదు. నేనెవరో ఆమెకి ఎట్లా తెలుస్తుందో నాకు అర్థం కావడం లేదు.

"నేనే అత్తా, నిజంగా" అంటాను.

"అయితే ఆది తీసుకురా" అంటుంది, ఎవరో కొత్త మనిషితో అన్నట్టు.

కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే ఒంటికి సరిపోయే పాతదొకటి ఇవ్వాలి, అదే ఆది. నా ఆది ముదురాకుపచ్చ జాకెట్టు, అత్త కుట్టిందే. అది మూటలో ఉంది. నాకు వదులైపోయిన బట్టలన్నీ, లంగాలు, చుడీదార్లు, జాకెట్లు, ఎన్నాళ్ళో దాచి దాచి, అమ్మ పోరు పడలేక ఈ రోజే మూట కట్టాను, పాతబట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె సాయంత్రం వస్తుందని. సాయంత్రం అయిందో లేదో ఇక్కడ తెలియదు. నేను పంచ దిగి పరిగెడతాను.

మిరపకాయల మధ్య దారి లేదు. కాళ్ళ కింద కాయలు చిట్లుతున్నాయి, గింజలు గలగలమంటున్నాయి, ఆ మంట పాదాల నుంచి కళ్ళలోకి వస్తోంది. దూరంగా సామాన్లామె గంప నెత్తిన పెట్టుకుని పోతోంది, ఆమె పక్కనే మా అమ్మ బేరమాడుతూ నడుస్తోంది, నేను ఎంత పరిగెత్తినా వాళ్ళిద్దరూ మామూలుగా నడుస్తూనే దూరమవుతున్నారు, మాటలు మాత్రం చెవి పక్కనే వినిపిస్తున్నాయి.

"ఇన్ని గుడ్డలకి ఈ ఒక్క గిన్నేనా? దీనికి మూతన్నా లేదే."

"ఇయ్యి మామూలు జాకెట్లా తల్లీ? ఒక్కోదాంట్లో ఇద్దరు దూరొచ్చు. ఎవరేసుకుంటారు? దిండ్లకి తొడగాల."

"దిండ్లకైతే మరీ మంచిది, గుడ్డ కలిసొస్తది. మూతియ్యి."

"అమ్మా, ఆపు" అని అరుస్తాను. అరుపు బయటికి రాదు. అయినా ఎట్లాగో గంప నా చేతికి అందుతుంది, ఆకుపచ్చ అంచు పట్టుకుని లాగితే ఒకదానికొకటి ముడేసినట్టు బట్టలన్నీ వస్తాయి, పదో తరగతి నీలం లంగా, జిరాక్సు షాపులో పనికి చేరినప్పటి పసుపు చుడీదారు, అన్నీ నా వెంట పాకుతూ వస్తాయి. అమ్మ వెనక్కి చూడదు. మూత గురించే మాట్లాడుతూ పోతుంది.

ఆది జాకెట్టు తొడుక్కుంటాను. భుజాల మీంచి జారిపోతుంది. హుక్కులు పెట్టుకున్నా ముందు ఇంకొక మనిషికి చోటున్నట్టు వేలాడుతుంది. ఇట్లా వెళితే అత్త మళ్ళీ ఎవరమ్మాయ్ అంటుంది. ఆ మాట ఇంకొకసారి వినలేను. అందుకని మిగతా బట్టలు లోపల కూరడం మొదలుపెడతాను, లంగా చుట్టి పొట్ట మీద, చుడీదారు వీపు మీద, ఓణీలు మెలిపెట్టి చేతుల్లో, తొందర తొందరగా, కుట్లు బిగుసుకునేదాకా కూరుతాను. ఇప్పుడు నేను నాలాగే ఉన్నాను. చెమట పడుతోంది, ఊపిరి ఆడడం లేదు. అది కూడా పాత సంగతే.

పంచలోకి వెనక్కి వస్తే అది పంచ కాదు, మా చర్చి. ఎవరూ లేరు. వెనకాల గోడవైపు మా పొడుగు బెంచీ ఉంది, దాని ఒక చివర అత్త తెల్లచీరలో కూర్చుని ఉంది, మెళ్ళో టేపు. ఆ టేపు వాడడం నేనెప్పుడూ చూడలేదు, వచ్చినవాళ్ళకి నమ్మకంగా ఉంటుందని వేసుకునేది. రెండో చివర నా చోటు. ఆ బెంచీకి కాళ్ళు బాగా లోపలికి ఉంటాయి, ఒక్క చివరే బరువు పడితే రెండోది లేస్తుంది. "మార్తమ్మా దీవెనా కూర్చుంటే ఆ బెంచీ మీద ఇంకెవరికీ చోటుండదు" అని అందరూ నవ్వితే, "మేమిద్దరం చెరోపక్క కూర్చోబట్టే అది తిన్నగా ఉంది, లేకపోతే మీరంతా కిందుంటారు" అనేది అత్త.

నా చోట కూర్చుంటాను. బెంచీ ఆగదు. మెల్లగా అత్త వైపు ఒరుగుతుంది, నా పాదాలు నేల వదిలి పైకి లేస్తాయి. ఇన్ని గుడ్డలు కూరినా బరువు చాలలేదు. పడిపోకుండా చెక్క అంచు పట్టుకుంటాను.

"వచ్చావా కోడలా" అంటుంది అత్త. గుండె కుదుటపడబోతుంది. చెయ్యి చాపి నా మోచేతి పైన పట్టుకుంటుంది. వేళ్ళు చుట్టూ తిరుగుతాయి, ఒక చోట ఆగి నొక్కుతాయి.

"ఇది గుడ్డ" అంటుంది.

చెయ్యి వెనక్కి లాక్కోబోతాను. ఆమె వదలదు.

"గుడ్డకీ కండకీ తేడా నాకు తెలవదా? దాని జాకెట్టేసుకుని, దాని చోట్లో కూర్చున్నావు." ఆమె గొంతు సన్నగా అవుతుంది, ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉన్నట్టు. "దాన్నేం చేశావే?"

జాకెట్టు కింది అంచులోంచి నీలం లంగా జారడం మొదలవుతుంది. మోచేతులతో పక్కలు అదిమిపెడతాను. అటు అదిమితే ఇటు పసుపు గుడ్డ బయటికి వస్తుంది. ఏం చెప్పాలో, ఏం చెబితే నేనే దీవెనని అవుతానో వెతుక్కుంటాను.

"నీ ఉంగరం వదులై ఊడిపోతుంటే దారం చుట్టింది నేనే అత్తా. ఆస్పత్రిలో."

వేళ్ళు నా చేతి మీద కదలకుండా ఆగుతాయి. "ఏం రంగు?"

"నెమలికంఠం. నా పండగ జాకెట్టు కుడుతున్న దారమే. సంచిలో అదొక్కటే ఉంది."

ఎక్కడో మిషను తొక్కుడు చప్పుడు వినిపిస్తుంది, ఆగిపోతుంది. తర్వాత ఆమె అడిగే గొంతు వేరు.

"నీకూ వచ్చిందా?"

"ఏది?"

"నాకొచ్చిందే. నేనూ ఇట్టాగే కరిగిపోయా గదా. ఉంగరం నిలవలా."

"రాలేదత్తా. రాకూడదనే తగ్గాను. నువ్వు పోయాక నాక్కూడా వేలు పొడిచి చూశారు, షుగరు అంచు మీదున్నావమ్మా అన్నారు. అప్పట్నుంచీ పనికి ఆటోలో పోవడం లేదు, కాలవకట్ట మీద నడిచిపోతున్నా. రాత్రిపూట అన్నం మానేశా."

"అన్నం మానేశావా?"

"రొట్టె తింటున్నా."

"పప్పులో నెయ్యో?"

"లేదు."

"ఆవకాయన్నం?"

"ఆదివారం ఒక్క ముద్ద."

"అయితే బాగానే భయపడ్డావు" అంటుంది అత్త, మిగతా సంగతంతా ఇప్పుడే నమ్మినట్టు.

"పడ్డాను. చూసిన ప్రతివాళ్ళూ చిక్కిపోయావు, ఏం జబ్బు అని అడుగుతుంటే ఇంకా భయమేస్తది. ఈ గుడ్డలు దాచుకుంటే మళ్ళీ వాటిల్లోకి పోతానేమోనని భయం. ఇచ్చేస్తే నీకు నేను తెలియనేమోనని."

"ఏసుకునొస్తే తెలిశావా?"

లంగా మొత్తం జారి బెంచీ మీద పడుతుంది. బెంచీ ఇంకొంచెం లేస్తుంది.

"ఆ నెమలికంఠం జాకెట్టు ఏం చేశావు?" అంటుంది అత్త.

"మూటలో వేశా. అదీ లావు జాకెట్టేగా."

"నీ మొహం. దానికి నేను పక్కలెక్కడ కుట్టా? చూపానక చేత్తోనే తడుముకుంటా రెండో చెయ్యి ఎక్కిస్తా ఉంటే కళ్ళు తిరిగి పడ్డా. చేతులెక్కించినాక ఆఖర్న గదే పక్కలు మూసేది. పక్కలెయ్యని జాకెట్టుకి లావేంది, సన్నమేంది? ఎవరి ఒంటికి ఆనిచ్చి మూస్తే వాళ్ళది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని హుక్కులు కుట్టావు, ఇది కూడా తెలవదా?"

తిట్టు వింటుంటే ఏడుపు వస్తుంది. ఆమె తిడుతోందంటే నేనెవరో తెలిసింది. అయినా భయం పోదు, ఇంకొక రకం భయం వస్తుంది, ఆమె ఇప్పుడు కొలత తీసుకుంటుంది, మళ్ళీ చెయ్యి తగలకపోతే?

"ఇది తీసెయ్" అంటుంది అత్త, నా ఆది జాకెట్టు అంచు లాగుతూ. "ఇది ఏసుకునుంటే నా చెయ్యి దీని దగ్గరే ఆగిపోతంది."

"తీస్తే బెంచీ లేస్తది. పడిపోతా."

"నా వైపే గదా పడేది."

హుక్కులు ఒక్కొక్కటే తీస్తాను. అవి నేనే కుట్టినవి, నా పాత కుట్టు వేళ్ళకి గట్టిగా తగులుతుంది. జాకెట్టు విడిపోగానే కూరిన బట్టలన్నీ ఒక్కసారిగా కిందికి జారిపోతాయి, బెంచీలో నా కొస పైకి లేస్తుంది, చర్చి తలుపులు, కిటికీలు, మిరపకాయల ఎరుపు అన్నీ ఒక పక్కకి ఒరిగిపోతాయి, నేను పట్టుతప్పి ఆ చెక్క మీద జారుతూ జారుతూ అత్త దాకా వచ్చేస్తాను. ఆమె ఒంటికి ఎప్పటి మిషను నూనె వాసనే. ఆమె చెయ్యి జానెడు సాగి నా వీపు మీదికి వస్తోంది, నేను కళ్ళు మూసుకుని ఊపిరి బిగబడతాను, బొటనవేలు భుజం దగ్గర ఆనుతుంది, ఆని, నొక్కి, గుచ్చుకుంటుంది.

గుచ్చుకుంటోంది. భుజం కింద ఏదో నిజంగానే గుచ్చుకుంటోంది. పంచలో గచ్చు మీద, మూట మీద తల ఒరగేసి నిద్రపోయాను. ఎండ మిషను దాకా వచ్చింది. వీధి చివర సామాన్లామె కేక వినిపిస్తోంది.

"లెగవే, వస్తంది ఆమె" అంటోంది అమ్మ గుమ్మంలోంచి. "ఈసారన్నా ఇస్తావా, మళ్ళీ పెట్టెలో పెడతావా?"

ముడి విప్పి చెయ్యి పెట్టి చూశాను. నెమలికంఠం జాకెట్టు పైనే ఉంది. రెండో చెయ్యి సగం దాకా ఎక్కి ఉంది, రెండు పక్కలూ కుట్టు లేకుండా తెరిచి ఉన్నాయి. సూది గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది. కన్నం దగ్గర కొంచెం తుప్పు. ఆ జాకెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆకుపచ్చది పైన పెట్టి, మూట మళ్ళీ కట్టాను.

"ఇచ్చెయ్యమ్మా" అన్నాను. "మూతున్న గిన్నె అడుగు."

అమ్మ మూట తీసుకుని వీధిలోకి వెళ్ళింది. నేను సూది పైకెత్తి వెలుతురుకి చూశాను. అత్త పంటితో కొరికిన దారం ఇంకా జానెడు ఉంది.